వెచ్చటి నీళ్లు, ఏడడుగుల మంచు: బఫెలోలో లేక్ ఎఫెక్ట్ ఎలా పనిచేస్తుంది

క్లుప్తంగా

అమెరికా, కెనడాల మధ్య గ్రేట్ లేక్స్ అనే ఐదు పెద్ద సరస్సులున్నాయి. అమెరికా వైపు వాటి ఒడ్డున నవంబరు, డిసెంబరు నెలల్లో పడే భారీ మంచుకు పెద్ద తుపానే రానక్కర్లేదు. వేసవి వేడి ఇంకా వదలని సరస్సు, దాని మీదుగా వచ్చే ధ్రువ ప్రాంతపు చలిగాలి, ఆ గాలి వీచే దిక్కు: ఈ మూడూ కుదిరితే చాలు. దీన్నే లేక్ ఎఫెక్ట్ అంటారు. మంచు సన్నటి పట్టీగా పడుతుంది కాబట్టి ఒకే నగరంలో ఒక పక్క రోడ్లు మామూలుగానే ఉంటాయి, ఇంకో పక్క ఇళ్ల తలుపులు తెరవడానికి వీలుండదు. సరస్సు గడ్డకట్టాక ముప్పు చాలావరకు తగ్గుతుంది. సరస్సులు వేడెక్కుతూ, ఆలస్యంగా గడ్డకడుతున్నందువల్ల ఈ ముప్పు ఉండే రోజులు పెరిగే అవకాశం ఉంది.

ఒకే ఊరు, రెండు వాతావరణాలు

నవంబరు మూడో వారం వచ్చేసరికి తెలుగు టీవీ చానళ్లలో ఒక స్క్రోలింగ్ కనిపిస్తూ ఉంటుంది: అమెరికాలో మంచు తుపాను, బఫెలోలో స్తంభించిన జనజీవనం. గుంటూరు నుంచో వరంగల్ నుంచో తల్లిదండ్రులు టెన్షన్‌తో ఫోన్ చేస్తారు. అక్కడ యూనివర్సిటీలో చదువుకునే అబ్బాయి కిటికీలోంచి చూసి, ‘ఇక్కడ పెద్దగా ఏం పడలేదమ్మా, ఎండ కూడా కాస్తోంది’ అంటాడు. భయపడతామని దాస్తున్నాడేమోనని ఇంట్లోవాళ్లకు అనుమానం. నిజానికి టీవీ చెప్పిందీ నిజమే, అబ్బాయి చెప్పిందీ నిజమే.

2014 నవంబరులో సరిగ్గా ఇదే జరిగింది. ఆ నెల 17 నుంచి 21 వరకు రెండు విడతలుగా, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరపు దక్షిణ శివార్ల మీద మంచు పడింది. హాంబర్గ్, వెస్ట్ సెనెకా, లాంకాస్టర్ లాంటి చోట్ల ఐదడుగులు దాటింది. అత్యధికంగా పడిన చోట్ల రెండు విడతలూ కలిపి దాదాపు ఏడడుగులు. యూనివర్సిటీ పెద్ద క్యాంపస్ ఉన్న ఆమ్హర్స్ట్ నగరానికి ఉత్తరాన ఉంటుంది. అక్కడ పడింది కొద్ది అంగుళాలే. అక్కడి నుంచి వెస్ట్ సెనెకాకు పట్టుమని పాతిక కిలోమీటర్లు ఉండదు. డౌన్‌టౌన్ నుంచి దక్షిణానికి చూసినవాళ్లకు సరస్సు మీంచి ఊరి మీదకు వస్తున్న మేఘం ఒక తెల్లటి గోడలా కనిపించింది. గోడకు ఇవతల నీలాకాశం. అవతల, పొద్దున్నే వీధి తలుపు లోపలికి లాగితే గడపకు ఆనుకుని నిలువెత్తు మంచు, దాని మీద తలుపు చెక్కడాలు అచ్చు గుద్దినట్టు.

అక్కడి ప్రధాన రహదారి మీద వందల వాహనాలు చిక్కుకుపోయాయి. ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఒక రోజుకు పైగా బస్సులోనే ఉండిపోయింది. పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో కొందరికి పారతో మంచు ఎత్తిపోస్తుండగా గుండెపోటు వచ్చింది.

మాట విషయంలో ఒక చిన్న ఇబ్బంది ఉంది. తెలుగులో పొగమంచూ మంచే, గడ్డి మీది మంచుబిందువూ మంచే, ఫ్రిజ్‌లోని గడ్డా మంచే, ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలే స్నో కూడా మంచే. ఇక్కడ మంచు అంటే స్నో అనే అర్థం. నీరు గట్టిపడితే దాన్ని గడ్డ అనే చెప్పుకుందాం. లేక్ ఎఫెక్ట్‌లో ఈ రెండూ ఒకదానికొకటి విరోధులు కాబట్టి ఈ తేడా ముఖ్యం.

చలికాలం బావి నీళ్లు ఎందుకు వెచ్చన

ధనుర్మాసంలో తెల్లవారుజామున బావిలోంచి తోడిన నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి. ఊరి చెరువు మీద పొగలు లేస్తుంటాయి. నీళ్లను ఎవరూ కాచలేదు, చుట్టూ ఉన్న గాలి వాటికంటే చల్లబడిందంతే. నేల ఎంత త్వరగా వేడెక్కుతుందో అంత త్వరగా చల్లారుతుంది. నీటికి రెండూ నెమ్మదే. లోతున్న నీరైతే మరీ నెమ్మది.

ఇదే సంగతి 388 కిలోమీటర్ల పొడవు, దాదాపు 92 కిలోమీటర్ల వెడల్పుతో బఫెలోను ఆనుకుని ఉన్న ఈరీ సరస్సు మీద జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. జూలై, ఆగస్టుల్లో ఎండకు కాగిన ఈ సరస్సు నవంబరు మధ్యకు వచ్చినా 9, 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. అప్పటికే కెనడా ఉత్తర భాగాల్లో నేల మంచుతో నిండిపోయి, దాని మీది గాలి సున్నాకు బాగా దిగువకు చేరిపోతుంది. ఆ గాలి కిందికి జారి సరస్సు మీదకు వస్తే, నీటికి తాకే పొర వేడినీ తేమనూ పట్టుకుని తేలికపడి పైకి లేస్తుంది.

ఎంత తేడా ఉంటే లేస్తుందన్నదానికి వాతావరణ శాస్త్రవేత్తలు ఒక కొండగుర్తు పెట్టుకున్నారు. సరస్సు నీటికీ, సముద్ర మట్టం నుంచి సుమారు 1.5 కిలోమీటర్ల ఎత్తులోని గాలికీ మధ్య కనీసం 13 డిగ్రీల తేడా ఉండాలి. 13 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే అసలు యంత్రాంగం అర్థమవుతుంది. పైకి లేచే పొడిగాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఈరీ సరస్సు ఉపరితలమే సముద్ర మట్టానికి 174 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఆ స్థాయికి చేరాలంటే 1.3 కిలోమీటర్లు లేవాలి. అంటే దారిలో 13 డిగ్రీలు పోతాయి. అంత పోగొట్టుకున్నాక కూడా చుట్టుపక్కల గాలికంటే అది వెచ్చగా ఉంటే, ఇంకా పైకి వెళ్తూనే ఉంటుంది. తేడా 20 డిగ్రీలకు చేరితే ఆ లేవడం మెల్లగా జరిగేది కాదు, గంజి పొంగినట్టు పొంగుతుంది.

పైకి వెళ్లిన తేమ మేఘంగా మారేటప్పుడు, నీటిని ఆవిరి చేయడానికి ఖర్చయిన వేడి తిరిగి బయటికి వస్తుంది. ఆ వేడితో గాలి మరికాస్త లేస్తుంది. ఇది ఎక్కడిదాకా సాగుతుందంటే, పైన మూతలా ఉండే కాస్త వెచ్చటి గాలిపొర తగిలేదాకా. మూత కిలోమీటరు ఎత్తులోనే ఉంటే అడపాదడపా జల్లులతో సరిపోతుంది. మూడు, నాలుగు కిలోమీటర్లకు జరిగితే గంటకు మూడు నాలుగు అంగుళాల మంచు పడుతుంది, ఉరుములూ మెరుపులూ కూడా వస్తాయి. మంచు కురుస్తుండగా ఉరిమితే కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు మాత్రం పార ఎక్కడుందో చూసుకుంటారు.

దిక్కు పది డిగ్రీలు మారితే ఊరు మారిపోతుంది

ఎంత చలి అన్నదానికంటే గాలి ఏ దిక్కు నుంచి వస్తోందన్నదే ఈ వ్యవహారంలో పెద్ద ప్రశ్న. ఈరీ సరస్సు పడమర నైరుతి నుంచి తూర్పు ఈశాన్యానికి ఏటవాలుగా సాగి, సరిగ్గా తూర్పు కొసన బఫెలోతో ముగుస్తుంది. గంటకు 54 కిలోమీటర్ల గాలి సరస్సు అడ్డంగా దాటితే రెండు గంటలు కూడా నీటి మీద ఉండదు. అదే గాలి పొడవునా వస్తే ఏడు గంటలకు పైగా ఉంటుంది. ఏడు గంటలు తాగిన తేమనంతా ఒక్కచోట దింపుతుంది.

పొడవునా వీచినప్పుడు ఇంకొకటి కూడా జరుగుతుంది. రెండు ఒడ్లలోని చల్లటి నేల మీంచి గాలి సరస్సు మధ్యకు జరుగుతుంది. అటు నుంచీ ఇటు నుంచీ వచ్చిన గాలి మధ్యలో ఢీకొని పైకి లేచి, మేఘాలన్నీ ఒకే గట్టి పట్టీగా కూడతాయి. దాని వెడల్పు ఒక్కోసారి పది పదిహేను కిలోమీటర్లే. గాలి కాస్త నైరుతికి మొగ్గితే ఆ పట్టీ బఫెలో ఉత్తర భాగాల మీదుగా నయాగరా వైపు వెళ్తుంది. పడమటికి తిరిగితే దక్షిణ శివార్ల మీద కూర్చుంటుంది. వాయవ్యానికి తిరిగితే పట్టీ చెదిరి, అనేక సన్నటి పాయలుగా విడిపోయి, ఒడ్డు పొడవునా కొద్దికొద్దిగా రాలుస్తుంది. వంద కిలోమీటర్ల దూరంలో పది డిగ్రీల మార్పు అంటే పదిహేడు కిలోమీటర్ల జరుగుడు. ఒక ఊరు తేరుకుని పక్క ఊరు మునగడానికి అది చాలు. 2014లో అంతగా పడటానికి కారణం పట్టీ జరగకపోవడం. గంటల తరబడి అదే ఇళ్ల మీద నిలబడిపోయింది.

గాలి ఎత్తును బట్టి దిక్కు మారిపోతే మాత్రం పట్టీ నిలవదు. కింద పడమటి గాలి, పైన ఉత్తరపు గాలి ఉంటే మేఘం చీలిపోతుంది. చలి ఎంతున్నా ఆ రోజు పెద్దగా మంచు పడదు.

ఏ ఒడ్డున ఉన్నామన్నది కూడా లెక్కే

మిషిగన్ సరస్సుకు పడమటి ఒడ్డున మిల్వాకీ, దాదాపు ఎదురుగా తూర్పు ఒడ్డున మస్కీగన్ ఉన్నాయి. అక్షాంశం ఇంచుమించు ఒకటే. మిల్వాకీలో చలికాలం మొత్తానికి నాలుగడుగులకు అటూ ఇటూగా మంచు పడితే, మస్కీగన్‌లో ఏడడుగులు దాటుతుంది. షికాగో కూడా గాలి వచ్చే పడమటి పక్కనే ఉండటం వల్ల అక్కడి తెలుగువాళ్లకు చలి బాగా తెలుసు గానీ లేక్ ఎఫెక్ట్ అనుభవం తక్కువ.

అంటారియో సరస్సు దగ్గర ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఉత్తరాన ఉన్న టొరంటోలో ఏటా సగటున నాలుగడుగుల దాకా పడితే, సరస్సుకు ఆగ్నేయాన ఉన్న సిరక్యూస్‌లో పదడుగులు. సరస్సుకు తూర్పున టగ్ హిల్ అనే పీఠభూమి ఉంది. సరస్సు మీంచి వచ్చిన మేఘం ఆ ఎత్తు ఎక్కేటప్పుడు మరోసారి పిండినట్టవుతుంది. అక్కడ ఏటా 200 అంగుళాలు దాటడం మామూలే. 2007 ఫిబ్రవరిలో ఆ ప్రాంతంలోని రెడ్‌ఫీల్డ్‌లో పది రోజుల్లో 141 అంగుళాలు పడింది. అంటే దాదాపు పన్నెండడుగులు.

ఇది అమెరికాకే పరిమితం కాదు. సైబీరియా చలిగాలి జపాన్ సముద్రం దాటి హోన్షు దీవి పడమటి తీరాన్ని ఇలాగే ముంచుతుంది. అవోమోరి లాంటి నగరాలు ప్రపంచంలోనే ఎక్కువ మంచు పడే పెద్ద ఊళ్లలో చేరింది ఇందువల్లే.

తొలి చలికాలమే ఎందుకు ప్రమాదం

జనవరి అంటే అందరికీ చలి గుర్తొస్తుంది. కానీ ఈరీ సరస్సు విషయంలో అసలు ఒత్తిడి నవంబరు, డిసెంబరుల్లోనే ఉంటుంది. నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, చలిగాలి అప్పుడే మొదలవుతుంది. రెంటి మధ్య తేడా చాలా ఎక్కువగా ఉండే కాలమది. ఈరీ లోతు సగటున 19 మీటర్లే కాబట్టి చాలా ఏళ్లలో జనవరి, ఫిబ్రవరి నాటికి పైభాగం గడ్డకట్టుకుపోతుంది. పాత్ర మీద మూత పెట్టినట్టు ఆవిరి ఆగిపోతుంది. అంటారియో సరస్సు సగటు లోతు 86 మీటర్లు. అది పూర్తిగా గడ్డకట్టడం చాలా అరుదు కాబట్టి సిరక్యూస్ వైపు చలికాలమంతా మంచు పడుతూనే ఉంటుంది.

ఎప్పుడు మొదలైందన్నదాన్ని బట్టి నష్టం స్వభావం కూడా మారుతుంది. 2006 అక్టోబరు 12, 13 తేదీల్లో బఫెలో విమానాశ్రయం దగ్గర 22.6 అంగుళాలు పడింది. అక్కడి లెక్కలో అది మహా భారీ అంకేమీ కాదు. కానీ చెట్లకు ఆకులు ఇంకా రాలలేదు. పైగా గాలి సున్నా దగ్గరే ఉండటం వల్ల మంచు తడిగా, బరువుగా ఉంది. గట్టి చలిలో పడే లేక్ ఎఫెక్ట్ మంచు దూదిలా తేలిక. అంగుళం నీటికి ఇరవై ముప్ఫై అంగుళాల మంచు తయారవుతుంది. తడి మంచు అయితే పది అంగుళాలు కూడా కాదు. ఆ బరువు ఆకుల మీద నిలిచి కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. దాదాపు 4 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది.

2014లో చలి తొందరపడటానికి కారణం వేల మైళ్ల దూరంలో ఉంది. పసిఫిక్‌లో పుట్టిన నూరి అనే టైఫూన్ అవశేషాలు నవంబరు మొదటి వారంలో అలాస్కా పక్కనున్న బేరింగ్ సముద్రంలో అత్యంత శక్తిమంతమైన అల్పపీడనంగా మారాయి. దాని ధాటికి పైగాలుల ప్రవాహం పెద్ద వంపు తిరిగి, ధ్రువపు చలిని అమెరికా మధ్య భాగంలోకి దింపింది. నవంబరు 18న దేశంలోని 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక చోట ఉష్ణోగ్రత సున్నాకు దిగిపోయింది. ఆ ఏడాది సరస్సు ప్రత్యేకంగా వేడెక్కి లేదు. అంతకు ముందు చలికాలంలో గ్రేట్ లేక్స్‌లో 92 శాతానికి పైగా గడ్డకట్టింది కూడా. అంటే నీరు మరీ వెచ్చగా ఉన్నా, గాలి మరీ చల్లగా ఉన్నా ఫలితం ఒకటే. చూడాల్సింది రెంటి మధ్య తేడాను.

2022 నవంబరు 17 నుంచి 20 వరకు మళ్లీ అదే దక్షిణ శివార్లకు దెబ్బ తగిలింది. హాంబర్గ్, ఆర్చర్డ్ పార్క్‌లలో 80 అంగుళాల దాకా పడింది. ఆర్చర్డ్ పార్క్‌లోనే ఉన్న బఫెలో బిల్స్ ఫుట్‌బాల్ స్టేడియం మంచులో కూరుకుపోవడంతో మ్యాచ్‌ను డెట్రాయిట్‌కు మార్చారు. 2014లోనూ అలాగే మార్చాల్సి వచ్చింది.

తుపాను వేరు, లేక్ ఎఫెక్ట్ వేరు

తెలుగు వార్తల్లో రెంటికీ ‘మంచు తుపాను’ అన్న ఒకే మాట వాడటం వల్ల గందరగోళం పెరుగుతోంది. తుపాను అంటే వందల కిలోమీటర్ల విస్తీర్ణంలోని అల్పపీడనం. అది వస్తూ, దాటిపోతూ అనేక రాష్ట్రాల మీద ప్రభావం చూపుతుంది. లేక్ ఎఫెక్ట్ స్థానికం. తుపాను దాటిపోయాక, దాని వెనక వచ్చే చలిగాలిలోనే తరచూ మొదలవుతుంది.

రెండూ ఒకేసారి కలిస్తే పరిస్థితి భయంకరం. 2022 డిసెంబరు 23న, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, బఫెలో మీద జరిగింది అదే. బలమైన అల్పపీడనం తెచ్చిన పెనుగాలికి సరస్సు మంచు తోడైంది. విమానాశ్రయం దగ్గర మొత్తం 51.9 అంగుళాలు పడింది. అయితే ప్రాణాలు తీసింది అంకె కాదు, ముందేముందో కనపడనివ్వని గాలి. ఆ పరిస్థితి దాదాపు 37 గంటలు ఆగకుండా కొనసాగింది. అంబులెన్సులు, ఫైర్ ఇంజన్లు కూడా కదలలేకపోయాయి. 40 మందికి పైగా చనిపోయారు. నెల ముందు అంతకంటే ఎక్కువ మంచు పడిన చోట మరణాలు చాలా తక్కువన్నది గమనించాల్సిన విషయం.

1977 జనవరి నాటి బ్లిజార్డ్ (పెనుగాలితో ఏమీ కనపడకుండా కమ్మేసే మంచు) ఇంకో రకం. అప్పటికి ఈరీ సరస్సు గడ్డకట్టి నెల దాటింది. లెక్క ప్రకారం లేక్ ఎఫెక్ట్ ఆగిపోవాలి, ఆగిపోయింది కూడా. కానీ గడ్డ మీద వారాల తరబడి పేరుకున్న పొడి మంచును పెనుగాలి ఊడ్చి తెచ్చి ఊరి మీద పోసింది. కొత్తగా కురిసింది సుమారు అడుగే అయినా ఇళ్ల పక్కన గుట్టలు గుట్టలుగా పేరుకుంది.

నెల్లూరు వానతో ఉన్న చుట్టరికం

పొడిగాలి వెచ్చటి నీటిని దాటుతూ తేమ పట్టుకుని అవతలి ఒడ్డున దింపడం తెలుగువాళ్లకు కొత్త కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు చేసేది అదే. ఉత్తర భారతం నుంచి వచ్చే పొడిగాలి బంగాళాఖాతం మీదుగా వచ్చి నెల్లూరు, తిరుపతి వైపు, తమిళనాడులో వర్షంగా దిగుతుంది. అదే గాలి నేల మీదుగానే వచ్చే తెలంగాణలో ఆ రోజుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మిల్వాకీకి, మస్కీగన్‌కు ఉన్న తేడా లాంటిదే ఇది.

పోలిక అక్కడితో ఆపాలి. మన సముద్రం 28 డిగ్రీల దగ్గర ఉంటుంది, గాలి గడ్డకట్టేంత చల్లగా ఉండదు. పైగా నెల్లూరులో పెద్ద వానలకు చాలాసార్లు అల్పపీడనం, వాయుగుండం కావాలి. ఈరీ సరస్సుకు ఆ సాయం అక్కర్లేదు.

భూమి వేడెక్కితే మంచు తగ్గదా

వాతావరణం వేడెక్కుతోందంటూనే ఏడడుగుల మంచు ఏంటన్న సందేహం సహజం. గ్రేట్ లేక్స్ నీరు వేడెక్కుతోంది, గడ్డ తగ్గుతోంది. ఏటా గరిష్ఠంగా సరస్సుల్లో సగటున 53 శాతం గడ్డకడుతుంది. 2024లో అది 16 శాతం దగ్గరే ఆగిపోయింది. మూత పడకపోతే ఆవిరి జనవరి, ఫిబ్రవరి దాకా లేస్తూనే ఉంటుంది. అందుకే రాబోయే కొన్ని దశాబ్దాల్లో, ధ్రువపు చలిగాలి వచ్చిన ప్రతిసారీ మంచు మోతాదు ఎక్కువగా ఉండొచ్చు. అలాంటి చలిగాలి రావడమే తగ్గి, వచ్చినా సున్నాకు పైనే ఉండే కాలం వస్తే అదే తేమ వానగా పడుతుంది. ఏది ఎప్పుడన్నది ఒక్కో సరస్సుకు ఒక్కోలా ఉంటుంది. దక్షిణాన ఉన్న ఈరీ దగ్గర ఆ మార్పు ముందుగా, ఉత్తరాన ఉన్న సుపీరియర్ దగ్గర ఆలస్యంగా వస్తుందని అనుకోవచ్చు.

అంచనా ఎందుకు జారిపోతుంది

రెండు మూడు రోజుల ముందే లేక్ ఎఫెక్ట్ వస్తుందని ఇప్పుడు బాగానే చెప్పగలుగుతున్నారు. 2022లో రెండుసార్లూ హెచ్చరికలు ముందే వచ్చాయి. కష్టమంతా పట్టీ ఏ వీధి మీద నిలుస్తుందో చెప్పడంలోనే. ఈ మేఘాలు పొట్టివి. రాడార్ కిరణం దూరం వెళ్లేకొద్దీ పైకి లేస్తుంది కాబట్టి, రాడార్‌కు దూరంగా ఉన్న ఊళ్లలో మంచు కురుస్తున్నా తెర మీద ఖాళీగా కనిపించొచ్చు.

ఆగస్టులో బఫెలోకో, సిరక్యూస్‌కో, పెన్సిల్వేనియాలోని ఈరీకో చదువుకోవడానికి వచ్చిన విద్యార్థికి ఇదే మొదటి చలికాలం. ఫోన్‌లో చూపించే నగరం పేరు, ఉష్ణోగ్రత వాళ్లకు సరిపోవు. తాము పట్టీకి ఏ పక్కన ఉన్నామో, వెళ్లాల్సిన చోటు ఏ పక్కన ఉందో చూసుకోవాలి. బయల్దేరిన చోట ఎండ ఉండి, పది నిమిషాల డ్రైవ్ తర్వాత బానెట్ కూడా కనపడకపోవడం అక్కడ మామూలు. కౌంటీ (మన జిల్లా లాంటిది) ట్రావెల్ బ్యాన్ ప్రకటించిందంటే అది సలహా కాదు, ఆజ్ఞ. ఆగిపోయిన కారులో హీటర్ కోసం ఇంజన్ ఆన్ చేసి కూర్చుంటే, వెనక సైలెన్సర్ గొట్టం మంచులో మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు. దిగి ఆ గొట్టం చుట్టూ మంచు తీసేశాకే ఇంజన్ ఆన్ చేయాలి. గంటకు మూడు అంగుళాలు పడుతుంటే కాసేపటికే మళ్లీ దిగాలి.